పేరు పెట్టి పిలిచిన సాయంత్రం

సాయంత్రం ఆరు. గాలి లేదు. సముద్రం మీద మంచు.

అనగనగా అని ఎక్కడికో పోనక్కర్లేదు, మన ఊళ్ళోనే, మొన్న మంగళవారమే. ఊఁ కొడుతున్నారా? కొట్టండి. ఇవాళ మీ గొంతులు నాకు వినబడుతూ ఉండాలి.

పడవ మీద మీ తాతయ్య, మీ మావయ్య తీమోతి. మధ్యాహ్నానికి రావలసినవాళ్ళు రాలేదు. ఇంజను ఆగిపోయిందని మనకేం తెలుసు? మీ నాన్న రూబేను ఉండబట్టలేక తెప్పేసుకుని వెతకబోయాడు. తెప్పంటే నాలుగు దుంగలేగా, సగం నీళ్ళలోనే ఉంటుంది. మంచులో దుంగలు కనబడవు. నీళ్ళ మీద నిలబడ్డ మనిషి కనబడతాడు, అంతే.

నేను దీపం పెట్టి బైబిలు తెరిచాను. ప్రభువు నీళ్ళ మీద నడిచొచ్చే కథ. ఆదివారం బడిలో మీరు దుప్పటి ఊపి అలలు చేశారే, అదే. నాకు కంఠతా వచ్చనుకున్నాను. మార్కు రాసినదాంట్లో ఒక చిన్న మాట ఉంది. ఆయన పడవలో ఉన్న శిష్యుల్ని దాటి వెళ్ళిపోబోయాడట. దాటి! ఇన్నేళ్ళూ ఆ మాట నా కంటికి ఆనలేదు. వాళ్ళు భూతమనుకుని కేకలు పెట్టారు. అప్పుడు పలికాడు. అరవకపోయుంటే?

బైబిలు మూసేశాను. సందెవేళ నీళ్ళ మీద ఆకారం కనబడితే పిలవొద్దు, పలకొద్దు, దాటిపోనీ అని ఈ ఇంట్లో అందరికీ కథలు చెప్పిందెవరు? నేనే. కొత్తల్లుడిగా వచ్చిన ఏడే మీ నాన్నకీ చెప్పాను.

అక్కడ జరిగింది తర్వాత చెప్పారు. పడవలో వాళ్ళకి మంచులో ఒక మనిషి. కింద పడవ లేదు. చప్పుడు లేదు. నడిచినట్టే వస్తున్నాడు. మీ మావయ్య నోటికి మీ తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడట. అటు మీ నాన్నకి నల్లగా ఒక పడవ. దీపం లేదు, మాట లేదు. తనూ నోరు మూసుకున్నాడు. వీళ్ళు పలకరు, అతను పిలవడు. అతను పిలవడు, వీళ్ళు పలకరు. దాటిపోతున్నారు.

ఊఁ అనండర్రా.

నేను ఒడ్డుకి పరిగెత్తాను. తీమోతీ అన్నాను. మంచు మింగేసింది. రూబేనూ అన్నాను. ఏమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నా నోట రాని పేరు ఒకటి మిగిలింది.

"ఏసోబూ!"

నీళ్ళ మీంచి కోపంగా వచ్చింది జవాబు. "ఎవతివే నువ్వు, నన్ను పేరు పెట్టి పిలిచేది?"

ఆ పక్కనుంచే మీ నాన్న గొంతు. "మావా! నువ్వేనా?"

"కాకపోతే దెయ్యమా? తాడందుకో, అల్లుడూ!"

నేను ఆపకుండా పిలుస్తూనే ఉన్నాను. నా గొంతు వైపు తెడ్లేసుకుంటూ వచ్చారు. ఒడ్డెక్కగానే మీ తాతయ్య, "ఊరంతా వింది, ఇంక నా పరువేం కాను?" అన్నాడు. రేపు కూడా పిలుస్తానన్నాను.

పిలవొద్దని నేను చెప్పిన ఆ పాత కథ మర్చిపోండి. భయమేస్తే అరవండి. ఎవరైనా సరే, దాటిపోనివ్వకండి.

కథ కంచికి పోతే పోనీ, మనవాళ్ళు ఇంటికొచ్చారు. మీ తాతయ్య, అదిగో గురక. మీ మావయ్య, అరుగు మీద. మీ నాన్న, మీ పక్కనే. ముగ్గురు.

ఉండండి. ఇంకోసారి లెక్కపెడతాను.