ఇంకాస్త తాడు

"సార్, తాడు ఎప్పుడు వదలాలి?" అని హైమవతి అడిగింది. వరదయ్య సారు తలెత్తి కూడా చూడలేదు, బూటు లేసులు కట్టుకుంటూ కూర్చున్నారు. ఆయనతో ఇదే తంటా. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు వర్క్‌షాప్ చెప్పి రిటైరైన మనిషి, ఇంజను లేని బొమ్మ విమానాలు ఎగరేయడం మా ధర్మవరం వైపు పదిమందికి నేర్పిన మనిషి, సూటిగా అడిగిన మాటకు సూటిగా జవాబు చెప్పగా నేనైతే చూడలేదు. ఆయన దగ్గర పదేళ్ళుగా స్టాప్‌వాచీ పట్టుకుంటున్నాను కాబట్టి ఆ మాత్రం విసుక్కునే హక్కు నాకుంది.

హైమవతి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. ఎనిమిది నెలలు సాయంత్రాలన్నీ పెట్టి ఆ విమానం చేసుకుంది. ఆ రోజు మా పోటీ పద్ధతి ఏమిటంటే, గంట కొట్టగానే అందరికీ ఒకేసారి పది నిమిషాలు మొదలవుతాయి. విమానం కడుపు కింది కొక్కేనికి నూటయాభై మీటర్ల తాడు తగిలిస్తారు. ఆ చివర పట్టుకుని ఒకరు గాలికి ఎదురు పరుగెత్తితే విమానం గాలిపటంలాగా లేస్తుంది. ఎత్తు చాలనుకోగానే రిమోట్ పట్టుకున్నవాళ్ళు తాడు వదిలించుకోవాలి. ఎగిరిన సమయం అప్పటినుంచే లెక్క, ఆ పది నిమిషాలు నిండేలోగా దించేయాలి. హైమవతికి సరిగ్గా అక్కడే చేయి ఆడదు. "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ తాడు మీదే ఉంచేస్తుంది. ఆ ఉదయం రెండు రౌండ్లలోనూ అలాగే నిమిషానికి పైగా పోగొట్టుకుంది. మూడోదాంట్లో తొమ్మిది నిమిషాలు దాటితేనే ఫైనల్, లేకపోతే ఇంటిదారి.

"ఈసారి తాడు నేను లాగుతా" అన్నారు సారు లేచి నిలబడి.

ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు, ఎడమ మోకాలు అంతంతమాత్రం. "ఇదేం చోద్యం సార్!" అన్నాను. వింటేనా!

గంట మోగింది. విమానాన్ని ఎత్తి పట్టుకున్నవాణ్ణి నేనే, ఒక్క తోపుతో వదిలాను. సారు పరుగందుకున్నారు. విమానం చక్కగా లేచింది. సగం ఎత్తుకు వచ్చిందో లేదో, ఆయన ఉన్నట్టుండి చతికిలబడ్డారు. తాడు వదులై కొక్కెం నుంచి జారి కింద పడింది. నేను వాచీ నొక్కాను.

"అయ్యో, అయిపోయింది!" అంది హైమవతి. విమానాన్ని దించి మళ్ళీ ఎగరేయొచ్చు, ఆ రూలుంది. కానీ పరుగెత్తేవాడేడీ? ఆయన నేల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నారు. మిగతావాళ్ళ విమానాలేమో అంత ఎత్తున హాయిగా తిరుగుతున్నాయి. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది.

హైమవతి ఒక్క క్షణం బిక్కచచ్చిపోయింది. తరవాత చుట్టూ చూడటం మొదలుపెట్టింది. ఎత్తు దండిగా ఉన్న రోజుల్లో ఆమె అలా చూడటం నేనెరగను. వేరుశనగ పీకేసిన చేను మీద ఎండుటాకులు సుడి తిరుగుతూ లేస్తున్నాయి. వెచ్చటి గాలి పైకి పోయే చోటు అదే. విమానాన్ని అటు తిప్పింది. అక్కడికి చేరేసరికి అది వేపచెట్ల ఎత్తుకు దిగిపోయింది. నేను నిమిషాలు చెప్పడం కూడా మరిచిపోయాను. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది, ఎడమ రెక్క కొంచెం పైకి లేచినట్టయింది.

"ఎక్కుతోంది! ఎక్కుతోందన్నా!" అని గట్టిగా అరిచింది.

ఇక దానికి అడ్డే లేకపోయింది. పక్కవాళ్ళ విమానాలను దాటిపోయి చుక్కంత అయింది. తొమ్మిది నిమిషాల నలభై ఒక్క సెకన్లకు వచ్చి మా ముందు గడ్డిలో దిగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచేదేముంది.

ఫైనల్‌కు పేరు రాయించి, హైమవతి నీళ్ళ సీసా పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తింది. ఆ ముఖంలో సంతోషం చూడాలి! పక్కన కూర్చుని, "సార్, నిజం చెప్పండి. మోకాలు పట్టేసిందా, కావాలనే కూర్చున్నారా?" అని అడిగింది.

సారు తాపీగా నీళ్ళు తాగి, సీసా మూత బిగించారు.

"విమానం పైనున్నంతసేపూ ఈ మాట అడగాలని నీకు తోచలేదేమ్మా?" అన్నారు.