బూడిదగాడికి మాట నేర్పిన ఓబులవ్వ

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం అది. అప్పటికే కుక్క వచ్చి మనిషి పంచన చేరింది. చేరింది గానీ, మనిషి మాట కుక్కకు తెలియదు, కుక్క మాట మనిషికి తెలియదు.

తోడేలొచ్చినా భౌ. ఎండుటాకు కదిలినా భౌ. ఏమీ లేకపోయినా భౌ. జనం విసిగిపోయి రాయి తీసి విసిరేవాళ్లు. మనుషుల మాటంటే రాయేనేమో అనుకుని కుక్కలు ఇంకాస్త దూరం పోయి, ఇంకాస్త గట్టిగా మొరిగేవి.

ఆ కాలంలో, ఒక వాగు ఒడ్డున ఒక ఊరు. ఊరి చివర, కొండ మొదట్లో ఒక గుడిసె. గుడిసెలో ఓబులవ్వ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తెల్లారి ఊరి మేకలన్నీ కొండకు తోలుకుపోతుంది, పొద్దుగూకేసరికి తోలుకొచ్చి గుడిసె పక్కన మేకల దొడ్డిలో పెడుతుంది. ఇంటికింత పిండి పెడితే సంగటి వండుకుని తిని పడుకుంటుంది.

ఓబులవ్వ నోరు మంచిది కాదు. గాలొస్తే గాలిని తిట్టేది. పొయ్యి రాజుకోకపోతే పొయ్యిని తిట్టేది. తిట్టడానికి ఏదీ దొరక్కపోతే తన మోకాళ్లనే తిట్టుకునేది.

ఒకనాడు బూడిదరంగు కుక్కపిల్ల ఒకటి మేకల వెంట గుడిసెకొచ్చింది.

"ఎవురు పిలిచినార్రా నిన్ను?" అంది ఓబులవ్వ.

"భౌ" అంది కుక్కపిల్ల.

"పో."

"భౌ."

ఇంకొకరైతే రాయి విసిరేవాళ్లే. కానీ ఓబులవ్వ కుడిచెయ్యి భుజం పైకి లేవదు. ఎప్పుడో పొట్టేలు కుమ్మితే విరిగి, వంకరగా అతుక్కున్న చెయ్యి అది. రాయి విసరలేదు కాబట్టి తిట్టింది. తిట్టింది కాబట్టి ఆ పిల్ల ఆమె మొహంలోకే చూస్తూ కూచుంది. అంతవరకూ దానితో అంతసేపు మాట్లాడిన మనిషి లేదు మరి. ఓబులవ్వ దానికి బూడిదగాడని పేరు పెట్టింది.

మొదటిసారి ఏమైందంటే, బూడిదగాడు దొడ్డి దగ్గర నిలబడి గొంతు పగిలేలా మొరిగాడు. పొయ్యి మీది సంగటి వదిలేసి, కట్టె పట్టుకుని ఉరికింది అవ్వ. చూస్తే తొండ. ఇంట్లోకొస్తే సంగటి మాడింది.

"తొండకూ అదే అరుపు, తోడేలుకూ అదే అరుపు! నాకెట్ల తెలియాల్రా?"

రెండోసారి ఏమైందంటే, బూడిదగాడు మళ్లీ మొరిగాడు. "ఇంకో తొండ, ఇంకేముంది" అని అవ్వ కదల్లేదు. తెల్లారి చూస్తే ఊరిపెద్ద నారసన్న మేకపిల్ల లేదు. దొడ్డి పక్కన తోడేలు అడుగులున్నాయి.

"కుక్కను పెట్టుకుని ఏం లాభం మే? అది చెప్పలేదా నీకు?" అని అరిచాడు నారసన్న.

"చెప్పినాడయ్యా వాడు! చెప్పినాడు. నాకే తెలియలా."

ఆ మాట నోటినుంచి వచ్చాక అవ్వకే ఎట్లాగో అనిపించింది. ఆ రోజు వాణ్ణి తిట్టలేదు. మరునాటినుంచి కూచోబెట్టి నేర్పడం మొదలుపెట్టింది.

"ఇది దొడ్డి" అని వేలు చూపించింది. బూడిదగాడు వేలును చూశాడు.

"అది తోడేలు అడుగు" అని వేలు చూపించింది. వేలు వాసన చూశాడు.

"అద్దో, తప్పిపోయిన మేక" అని వేలు చూపించింది. వేలు నాకాడు.

"వేలు కాదురా నా తండ్రీ! వేలు యాడికి పోతాందో అది చూడు! నీకు చెప్పేదానికన్నా కొండకు చెప్పుకున్నా నయం!"

వేసవి పోయింది, వాన పోయింది, చలి పోయింది. వాడు వేలు నాకుతూనే ఉన్నాడు. ఒక సాయంత్రం అవ్వ గొంతు పోయింది, ఓపికా పోయింది. ఒక మేక పొద వెనక ఉండిపోయింది. పిలవాలనిపించలేదు, వేలెత్తాలనిపించలేదు. బండమీద చతికిలబడి ఆ పొదవైపు ఊరికే ఒక చూపు చూసింది.

బూడిదగాడు ఆమె కళ్లు చూశాడు. పొదను చూశాడు. పోయి మేకను తోలుకొచ్చాడు.

అవ్వ బండ దిగి వాడి ముందు నేలమీద కూచుంది.

"వేలు కాదు, నా కండ్లు చూస్తాండావా నువ్వు? ఇన్నాళ్లూ ఆ ముక్క నాకు చెప్పకూడదట్రా?"

ఎట్లా చెప్పాలో తెలిసింది గనక అప్పటినుంచి వాడు చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్లకుండ ఖాళీ అయితే కుండను చూసి, అవ్వను చూసి, మళ్లీ కుండను చూసేవాడు. తోడేలు వాసనొస్తే లోగొంతుకతో గుర్రుమని పొదవైపు చూసేవాడు. కొత్తమనిషొస్తే ఒకే ఒక్క భౌ.

మూడోసారి ఏమైందంటే, ఎండాకాలం. వాగు ఎండిపోయి ఇసుక మిగిలింది. ఊరి ఆడవాళ్లంతా వాగులోకి దిగి, ఇసుకలో చెలమలు తీసి, ముంతలతో కడవలు నింపుకుంటున్నారు. నెలలు నిండిన నారసన్న కోడలు చెన్నక్క కూడా అక్కడే ఉంది. అవ్వ ఒడ్డున మేకలతో ఉంది.

బూడిదగాడు ఉన్నట్టుండి వాగు ఎగువకు చూశాడు. అవ్వను చూశాడు. మళ్లీ ఎగువకు చూశాడు. ఒళ్లంతా వణుకుతోంది.

"ఏముందిరా ఆడ? ఇసుకే కదా?" అంది అవ్వ. ఆకాశంలో మబ్బుతునక లేదు. వాడు మళ్లీ చూశాడు. కొండల అవతల ఎక్కడో వాన కురిసి ఉంటుందని అప్పుడు తట్టింది ఆమెకు.

"పైకి రండే! వాగొస్తాంది!"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. "ఎండలో వాగేంది అవ్వా? పిచ్చి నీకా, నీ కుక్కకా?"

అవ్వ బతిమాలింది. వినలేదు. దండం పెట్టింది. వినలేదు. ఇక ఒళ్లు మండింది. తనకు వచ్చిన విద్య అందుకుంది. వాళ్ల కడవల్ని తిట్టింది, వాళ్ల వంటల్ని తిట్టింది, వాళ్ల పుట్టింటి వాళ్లను ఏడు తరాలు వెనక్కి పోయి తిట్టింది.

"ఎంత మాటంటివే ముసిల్దానా!" అంటూ ఆడవాళ్లంతా కొంగులు బిగించి, కొట్లాటకని ఒడ్డెక్కారు. చెన్నక్క ఒక్కతే ఎక్కలేకపోయింది. అవ్వ కిందికి దిగి, వంకరచెయ్యి ఆమె నడుముకు ఆనించి పైకి తోసింది. బూడిదగాడు అవ్వ కొంగు పట్టి లాగాడు. ముగ్గురూ గట్టెక్కారో లేదో, ఎర్రటి నీళ్లు గోడలా వచ్చి చెలమల్నీ కడవల్నీ ఊడ్చుకుపోయాయి.

తర్వాత ఊరంతా గుడిసె ముందుకొచ్చి దండం పెట్టింది. "నాకెందుకు పెడతారు? చెప్పింది వాడు. పోండి, మేకలు బెదురుతాండాయి" అని కసిరింది అవ్వ.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, చాలా తిట్టింది.

ఒక తెల్లవారుజామున బూడిదగాడు ఒంటరిగా ఊళ్లోకొచ్చాడు. వాడూ ముసలివాడయ్యాడు. మొదటి గడప దగ్గర నిలబడి ఆ ఇంటివాళ్ల మొహంలోకి చూసి, గుడిసెవైపు చూశాడు. వాళ్లు సంగటిముద్ద వేశారు. ముట్టలేదు. రెండో గడపకు పోయాడు. వాళ్లు నీళ్లు పెట్టారు. ముట్టలేదు. మూడో గడప నారసన్నది. వాగొచ్చిన నాడు చెన్నక్క కడుపులో ఉన్న బిడ్డ అప్పటికి మేకలు తోలే వయసుకొచ్చింది. వాడు చెన్నక్కను చూశాడు. గుడిసెవైపు చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు.

చెన్నక్క చేతిలోని చేట అక్కడే పెట్టి వాడి వెంట నడిచింది. ఆమె వెనకే ఊరు నడిచింది. ఓబులవ్వ చాపమీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఒళ్లు అప్పటికే చల్లబడింది. ఊరంతా కలిసి కొండ మొదట్లో మట్టి చేసింది.

బూడిదగాణ్ణి చెన్నక్క తనింటికి తెచ్చుకుంది. వాణ్ణి చూసి ఊరికుక్కలు నేర్చుకున్నాయి, వాటిని చూసి పొరుగూరి కుక్కలు నేర్చుకున్నాయి.

ఇప్పటికీ ఆ వైపు ఏ ఇంట్లోనైనా కుక్క వచ్చి మొహంలోకి చూసి, పక్కకు చూసి, మళ్లీ మొహంలోకి చూస్తే పెద్దవాళ్లు అంటారు, "ఓబులవ్వ కబురు పంపింది, లే." ఎంత పనిలో ఉన్నా ఎవరో ఒకరు లేచి పోవాల్సిందే. చాలాసార్లు అక్కడేమీ ఉండదు. అప్పుడు కుక్కను ఎంతైనా తిట్టుకోవచ్చు. కానీ చూసొచ్చాకే తిట్టాలి.