చైర్మన్ గారి దుప్పటి

వరదలొచ్చిన ఏడాది నాటి నెగటివ్ పట్టుకుని మస్తాన్ ఫొటో స్టూడియోకొచ్చాడు మున్సిపల్ చైర్మన్ నరహరిబాబు. అందులో ఆయన ఓ ముసలమ్మకి దుప్పటి దానం చేస్తున్నాడు.

"ఎన్నికలకి గోడంత ప్రింట్ కావాలి."

"చిన్నదే మీకు మంచిదండీ. తక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేస్తా," అన్నాడు మస్తాన్.

"నా సేవ దాచేస్తావా? మిషన్ ఎంత లాగితే అంత పెట్టు!"

పెట్టాడు. ముసలమ్మ ముడతలతో పాటు దుప్పటి అంచున అచ్చు కూడా తెర మీద తేలింది: "భ్రమరాంబ టెంట్ హౌస్. అద్దెకు ఇవ్వబడును."

చైర్మన్ గొంతు తగ్గింది. "ఆ అక్షరాలు పోయేదాకా తగ్గించు."

మస్తాన్ తగ్గించాడు. అక్షరాలతో పాటు చైర్మన్ ముఖమూ అలుక్కుపోయింది.

"ఇదేంటయ్యా! ఇలాగైతే నన్నెవరు గుర్తుపడతారు?"

"మా అమ్మ గుర్తుపడుతుందండీ. ఫొటో తీయగానే మీరు దుప్పటి లాక్కున్నది ఆవిడ దగ్గరేగా!"