ఖాళీ బరిని చూపిన అద్దం

ఒకప్పుడు కుస్తీ బరిలోకి దిగిన వస్తాదులంతా ఏదో వింత జ్వరంతో రాలిపోతుంటే, రాజు ఆ ఏటి పోటీలు రద్దు చేశాడు. వెన్నెలలా మెరిసే మాయ అద్దంలో ఊరూరా ఆ పోటీలు చూపించే షావుకారు ధనగుప్తుడు మాత్రం, అవి చూసేందుకు జనం ముందే ఇచ్చిన ధాన్యం తిరిగివ్వనన్నాడు. జనం రాజుకు మొరపెట్టుకుంటే, కొలువులో అద్దం నిలబెట్టాడు.

"బరి కనిపిస్తోందిగా? ఖాళీగా ఉంటే నా తప్పా? నా పని చూపించడమే!"

రాజు తలూపబోయాడు. ఉన్న ధాన్యం షావుకారుకే ఇచ్చిన బుట్టలల్లే గవరమ్మ ఇంట్లో పిల్లలకు గింజ లేదు. ఆమె ముందుకొచ్చింది.

"పోటీలు ఆగింది వస్తాదులకే ప్రభూ. షావుకారుగారి వ్యాపారం ఆగలేదట కదా? ఆయన్నే బరిలోకి దిగమనండి, చూస్తాం."

ధనగుప్తుడి మొహం పాలిపోయింది. "అమ్మో, చచ్చిపోతానే!"

"గింజల్లేక మా పిల్లలు చచ్చిపోరా అయ్యా?"

ధనగుప్తుడు అద్దంలోని ఖాళీ బరిని ఒక్కసారి చూసి, గాదె తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.