ముంతల గోడ

ఆ రాజ్యంలో రాజుగారికి విన్నపం చెప్పుకోవాలంటే ఒక పద్ధతి ఉండేది. మనిషి నేరుగా మాట్లాడకూడదు. ఒక మట్టిముంత తెచ్చుకుని, దాని మూతి దగ్గర నోరు పెట్టి, కష్టం మూడుసార్లు చెప్పుకోవాలి. మాట ఎగిరిపోకముందే లక్కతో మూతి బిగించాలి. ఆ ముంతనూ, దాంతోపాటు ఒక కోడినీ కోట గోడ దగ్గర కాపలావాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళు లోపలికి తీసుకెళ్ళి, రాజుగారి చెవి దగ్గర లక్క పగలగొడతారట. ఈ పద్ధతి ఎవరు పెట్టారని నన్నడగకండి. రాజుగారు మాత్రం పెట్టలేదు.

ఆ ముంతలు చేసేది ఒక కుమ్మరామె. ఆమె మొగుణ్ణి, చెయ్యని నేరానికి, సున్నపురాతి గనికి ఈడ్చుకుపోయారు. ఆ గనిలో ఏడాది దాటి బతికినవాడు లేడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి పోతారు. అతను వెళ్ళి పదకొండు నెలలైంది. నెలకొక ముంత చొప్పున ఆమె పదకొండు ముంతలిచ్చింది. ప్రతి ముంతలోనూ ఒకటే మాట: నా మనిషిని విడిపించండి.

జవాబు కోసం వెళితే కాపలావాళ్ళ నాయకుడు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"నీ ముంతకు బీట ఉందమ్మా" అన్నాడు. "కంటికి ఆననంత సన్నది. దారిలోనే మాటంతా కారిపోయింది. రాజుగారి దగ్గరికొచ్చేసరికి వట్టి గాలి."

"పోయిన నెలా అదే అన్నారయ్యా."

"పోయిన నెలా నువ్వే చేశావు కదా."

వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఒకామె మాత్రం నవ్వలేదు. "ఈవిడ చేతి ముంతను నమ్ముకుంటే నా పెద్దపిల్ల మట్టిలో కలిసిపోయింది" అంది.

ఆ మాటకు కుమ్మరామె తల వంచుకుంది. చూశారా ఘోరం. తప్పు తనదేననుకుంది ఆ పిచ్చితల్లి. తన మట్టిలో ఇసుక ఎక్కువైందేమో, తన ఆవంలో మంట చాలలేదేమో, తన చేతులకు భక్తి తక్కువైందేమో అనుకుంది. మీలో ఎంతమంది ఇలా అనుకోలేదో చెప్పండి చూద్దాం.

ఇంటికొచ్చి మట్టిని రెండుసార్లు జల్లించింది. మూడు రోజులు తొక్కింది. సారె మీద ముంత తీసి, ఎప్పటిలాగే మెడ కింద బొటనవేలితో ఒక నొక్కు నొక్కింది. అది ఆమె గుర్తు. ఆవంలోంచి తీసి వేలితో కొడితే కంగుమంది. నీళ్ళు నింపి మూడు రోజులుంచింది. చుక్క నీరు కారలేదు. అప్పుడు ఆరబెట్టి, అందులో మొగుడి పేరు చెప్పి, లక్క వేసి బయల్దేరింది.

అప్పటికి రెండు రోజులుగా వాన. ఆమె కోట దగ్గరికొచ్చేసరికి ఒకచోట గోడ సున్నం బారెడు మేర ఊడి పడి ఉంది. లోపల రాయి లేదు, ఇటుక లేదు. గుండ్రంగా, వరసగా, తేనెపట్టులో గదుల్లా ముంతలున్నాయి.

ఆమె దగ్గరికి వెళ్ళి తడిమింది. మెడ కింద నొక్కు. పక్కదానికీ నొక్కు. ఒక్కదాని లక్క కూడా ఊడలేదు.

ఒకటి పీకి మూతి పగలగొట్టింది. లోపలినుంచి సన్నగా ఆడగొంతు వచ్చింది. "పెద్దదానికి జ్వరం తగ్గట్లేదు, దయ చూడండి." మొన్న వరుసలో నవ్వనామె గొంతు అది.

కుమ్మరామె చేతిలోని కొత్త ముంతను పక్కన పెట్టి, అడుగు వరసలోంచి ముంతల్ని లాగడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. గోళ్ళు విరిగాయి. పైనున్నవి ఊగాయి. ఒక్కసారిగా గోడ ఆ మేరకు కూలిపోయింది. వేల ముంతలు పగిలి, ఏళ్ళ తరబడి లోపలున్న మాటలన్నీ ఒకేసారి బయటపడితే, కాపలావాళ్ళు చెవులు మూసుకుని పరుగెత్తారు.

గోడ అవతల, కాళ్ళ దగ్గరే అన్నంత దగ్గరలో, ఒకాయన మోకాళ్ళ మీద ఉన్నాడు. కిరీటం దుమ్ములో పడి ఉంది.

"మీరు రాజుగారా?"

"అవును."

"అయితే వినపళ్ళేదా మీకు? పదకొండు నెలలు. పదకొండు ముంతలు. చెవులున్నాయా లేవా?"

"వినపడింది. నువ్వు ముంత చేతికి తీసుకోకముందే వినపడింది."

"విని ఏం చేశారు?"

ఆయన అరచేతులు చూపించాడు. రెండూ చీరుకుపోయి, సున్నం అంటుకుని ఉన్నాయి. ఆయన వైపు ఇంకా నిలిచి ఉన్న గోడంతా గీరిన గీతలే.

"ఇటునుంచి నేను తవ్వుతున్నాను. అటునుంచి వాళ్ళు రోజూ పేరుస్తున్నారు" అన్నాడు. ఆయన గొంతులో ఉన్నది కూడా కోపమే. ఆమె కోపం కన్నా పాతది.

ఈలోగా కాపలావాళ్ళ నాయకుడు కర్ర పట్టుకుని తిరిగొచ్చాడు. వచ్చీరాగానే ఆయన మీదికి లేచాడు. "ఎవడివిరా నువ్వు? ముంత లేకుండా నిన్ను ఇక్కడిదాకా ఎవడు రానిచ్చాడు?"

"ముప్పై ఏళ్ళు ఈయన పేరు చెప్పి కోళ్ళు తిన్నావు" అంది కుమ్మరామె. "మొహం కూడా తెలీదా నీకు?"

వాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "రాజుగారి చేతులు ఇలా ఉంటాయా?" అన్నాడు.

ఆయన ఆమె వైపు తిరిగి, "పద, నీ మనిషి దగ్గు ఇక్కడికి వినపడుతోంది" అన్నాడు. ఇద్దరూ గోడ కూలిన చోటునుంచి దాటి గని దారి పట్టారు.

గని దగ్గర సంగతి పొడిగించను. సాయంత్రానికి ముగ్గురు తిరిగొచ్చారు. నడుమనున్నవాడు దగ్గుతున్నాడు. మిగిలిన ఇద్దరూ అతన్ని చెరోవైపు పట్టుకున్నారు.

మర్నాటికి కోట గోడ సగం లేచింది. ముంతలు తెమ్మని ఊళ్ళో చాటింపు కూడా వేశారు. సిగ్గులేనివాళ్ళకు పని ఎంత త్వరగా అవుతుందో.

పెద్దపిల్లను పోగొట్టుకున్నామె కుమ్మరి ఇంటికొచ్చింది. అరుగు మీద చేతులకు గుడ్డ చుట్టుకుని ఎవరో ఒకాయన గంజి తాగుతున్నాడు. ఆమె ఆయన్ని పట్టించుకోలేదు.

"చిన్నదానికీ జ్వరమొచ్చింది. ముంతివ్వు. ఈసారైనా బీట లేకుండా చూడు" అంది.

"ముంతలు చెయ్యడం మానేశాను వదినా."

"మరి నా గోడు ఎవరికి చెప్పుకోను?"

"కూర్చుని చెప్పు."

ఆమె అరుగు మీద కూలబడింది. కుమ్మరామె మొహంలోకి చూస్తూ, "ఏం చెప్పను వదినా, నిన్న పొద్దుటినుంచీ ఒళ్ళు కాలిపోతోంది..." అని మొదలుపెట్టింది. అరుగు మీదాయన గంజి గిన్నె కింద పెట్టేశాడు.

కుమ్మరామె ఆయన్ని చూసింది. తననే చూస్తున్న ఆ తల్లి కళ్ళనూ చూసింది. తనూ ఇప్పుడొక ముంతే అయిందని తోచి, మాట మధ్యలోనే లేచి, ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

అరుగు మీద ఇద్దరే మిగిలారు.