నీకెందుకులే

"స్వామీ, మూడో తరగతిలో ముప్ఫైమంది ఉన్నారు. బుర్రున్నవాళ్ళు పదిమందే. మిగతావాళ్ళకి లెక్కలు చెప్పడం బూడిదలో పోసిన పన్నీరు!"

ఆశ్రమం బడిలో పంతులుగా చేరిన ఏడాదికే గురువుగారితో ఇంత మాట అనేశాను. అప్పట్లో నా పొగరు అలాంటిది. మర్నాడు ఆయన వచ్చి నా తరగతిలో ఓ మూల కూర్చున్నారు.

ఓ లెక్క అడిగాను. వెనక వరసలోంచి పైడమ్మ చెయ్యి సగం ఎత్తింది.

"నీకెందుకులే, కూర్చో" అని ముందు వరసలో పిల్లాణ్ణి లేపాను. రోజూ చేసేదే, తప్పని తోచలేదు.

భోజనానికి ముందు ఒక్కొక్కరూ ఒక పద్యం చెప్పడం మా ఆశ్రమంలో ఆచారం. ఆ మధ్యాహ్నం నా వంతు వచ్చింది. నోరు తెరవబోయాను.

"నీకెందుకులే నాయనా, తిను" అని గురువుగారు పక్కవాడి వైపు తిరిగారు.

మర్నాడూ అంతే. వారం రోజులు అదే వరస. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎనిమిదో రోజు, "చెప్పు నాయనా" అన్నారు.

చిన్నప్పటినుంచీ నోటికొచ్చిన పద్యం! మొదటి పాదం దగ్గరే నాలుక పిడచకట్టుకుపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సగం ఎత్తిన చెయ్యి.

విస్తరి ముందునుంచి లేచి బడికి పరుగెత్తాను. పైడమ్మ చోటు ఖాళీ. నాలుగు రోజులుగా రావట్లేదని పిల్లలు చెప్పారు. నేను చూసుకోనేలేదు.

వాళ్ళ చేలోకి వెళ్ళాను. తండ్రితో కలిసి వేరుశనగ కాయలు ఏరుతోంది.

"దానికి సదువు అబ్బదని తమరే సెప్పినారు గదా బాబూ" అన్నాడు తండ్రి. ఆ మాటలో కోపమైనా లేదు.

నేను ఆ పిల్ల ముందు మట్టిలో కూర్చున్నాను. "అమ్మా పైడమ్మా, గుప్పెడికి పన్నెండు కాయలైతే ఏడు గుప్పెళ్ళకి ఎన్ని?"

ఏరుతున్న వేళ్ళు ఆగాయి. పెదాలు కదిలాయి. అంతలోనే తల దించేసుకుంది.

"నాకెందుకులెండి మాస్టారూ."

సాయంత్రం గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాను. పైడమ్మ ఏమందని అడిగారు. చెప్పాను.



"ఆ ఒక్క పాఠం బాగా వంటబట్టించావు నాయనా" అన్నారు.