తోడేలు వాటా

అనగనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఎర్రమల అని ఒక అడవి ఉండేది. ఆ అడవి అంచున బోయపల్లె. అక్కడివాళ్ళందరికీ వేటే బతుకు. ఆ పల్లెకు పెద్ద ఓబన్న. విల్లు పట్టాడంటే గురి తప్పేవాడు కాదు. నోరు తెరిచాడంటే అబద్ధం ఆడేవాడు కాదు. మొదటిది అభ్యాసం మీద ఎవరికైనా వస్తుంది పిల్లలూ, రెండోదే కష్టం.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. వేట పడితే, బాణం వేసినవాడికి తల, తొడ. మృగాన్ని తరిమి తెచ్చినవాడికి జబ్బ. కుక్కకు కుక్క వాటా. చూలాలున్న ఇంటికి రెండు వాటాలు, ఒకటి తల్లికి, ఒకటి కడుపులో బిడ్డకు. వేటలో కాలు కదిపిన ప్రాణి ఏదీ ఉత్త చేతులతో పోకూడదు.

ఎర్రమలలో తోడేళ్ళు లేవు. ఎప్పుడో పాత రాజుగారి కాలంలోనే ఒక్కటి మిగలకుండా చంపేశారు. దాంతో జింకలకు భయం పోయింది. కొండ దిగువ మడుగు చుట్టూ మందలు మందలుగా పడుకుని నెమరు వేసేవి. బోయవాళ్ళు ఆ మడుగు పక్కన పొదమాటున కూర్చుని, వక్కాకు నములుతూ, కబుర్లు చెప్పుకుంటూ, తీరిగ్గా బాణం వేసేవాళ్ళు. అదీ ఒక వేటేనా అంటారా? వాళ్ళకు అదే వేట. కొండలెక్కడం, జాడ పట్టడం తాతలతోనే పోయాయి.

జింకలు పెరిగిపోయాయి. చిగురు కనబడితే చిగురు, మొక్క కనబడితే మొక్క, అన్నీ మేసేశాయి. కొండ బోడిగుండయింది. అడవిలో మేత చాలక చేలమీద పడ్డాయి. రైతులు రాజు వీరభూపతి దగ్గరకు పోయి లబోదిబోమన్నారు.

రాజుగారి అడవులన్నీ చూసుకునే అధికారి ఒకడున్నాడు. వనపాలుడు దండపాణి. మంచివాడే, కానీ ఏ పని చేసినా ఎవరినీ ఒక్క మాట అడిగే అలవాటు లేదు. అతడు పొరుగు రాజ్యం నుంచి బోనుల్లో తోడేళ్ళను తెప్పించి, ఎర్రమలలో వదిలి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

బోయపల్లెకు ఆ సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఒకనాటి వేకువన కొండమీద ఊళ వినబడింది. అంతే!

పల్లె అట్టుడికిపోయింది. ఓబన్న మామ పుల్లన్న గుండెలు బాదుకున్నాడు. "అల్లుడా, మన నోటికాడ కూడు లాగేశారయ్యా! ఇంటికి చుట్టాల్ని తెచ్చేవాడు ఇంటివాళ్ళకు ఒక్క మాట చెప్పొద్దూ?"

ఓబన్నకూ కడుపు మండింది. భార్య సుంకమ్మ చూలాలు. ఉన్న జింకల్ని తోడేళ్ళు తినేస్తే ఆ రెండు వాటాలు ఎక్కడినుంచి తేవాలి?

అందరూ కలిసి రాజు దగ్గరకు వెళ్ళారు. రాజు ఓపిగ్గా విన్నాడు. "మూడు వేటలు ఆడి చూడండి. ఆ తరువాత ఓబన్న వచ్చి, వింటి మీద చెయ్యి వేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. జింకలు లేకుండా పోయాయంటే, చెయ్యవలసింది నేను చేస్తాను" అన్నాడు.

"ఇంకేముంది! తోడేళ్ళను చంపిస్తాడు" అని పుల్లన్న దారి పొడుగునా సంబరపడ్డాడు. ఆ మాట అన్నది పుల్లన్న, రాజు కాదు.

మొదటి వేట వచ్చింది. బోయవాళ్ళు ఎప్పటిలాగే మడుగు పక్కన కూర్చున్నారు. వక్కాకు అయిపోయింది. కబుర్లు అయిపోయాయి. పొద్దు నెత్తికెక్కింది. జింక అన్నది రాలేదు.

రెండో వేట వచ్చింది. మళ్ళీ అదే మడుగు, అదే పొద. ఒక ముసలి కుందేలు వచ్చి నీళ్ళు తాగి, వీళ్ళను ఎగాదిగా చూసి, తన దారిన తాను పోయింది.

మూడో వేట నాటికి సుంకమ్మకు నెలలు నిండాయి. రాగిసంకటిలోకి పచ్చిమిరపకాయ తప్ప ఏమీ లేదు. ఆమె ఓబన్నను నిలదీసింది. "ఏమయ్యా, మడుగు కాడ కూర్చుంటే జింక వచ్చి ఒళ్ళో వాలుతుందా? మీ తాత కొండెక్కేవాడంట గదా, నీ కాళ్ళకేం పుట్టింది?"

ఆ మాట ఓబన్నకు సూటిగా తగిలింది. విల్లు భుజాన వేసుకుని, తెలతెలవారుతుండగా ఒక్కడే కొండెక్కాడు.

పైకి పోయేసరికి అతడి కాళ్ళు ఆగిపోయాయి. బోడికొండ మీద పచ్చదనం! తునికి మొక్కలు, నేరేడు మొక్కలు మోకాలెత్తున లేచి ఉన్నాయి. అంతలో గిట్టల చప్పుడు. శిఖరం మీదినుంచి జింకల మంద వరదలా దిగి వస్తోంది. వెనకాల తోడేళ్ళు. మందలోనుంచి బలిసిన పోతుజింక ఒకటి ఓబన్న ఎదురుగా దూకింది. బాణం వదిలాడు. జింక పడింది.

కత్తి తీసి వంగబోతుంటే వెనకనుంచి మాట వినబడింది. "ఓబన్నా, నా వాటా ఏదీ?"

తిరిగి చూస్తే ఆడతోడేలు. ఆ రోజుల్లో మృగాలకు మాటలొచ్చు, మనుషులకు వినడమూ వచ్చు.

"నీకు వాటానా? మా కూడు తినేది కాక, వాటా కూడానా!" అని ఓబన్న మండిపడ్డాడు.

"మీ పల్లె కట్టుబాటు ఏమిటి? తరిమి తెచ్చినవాడికి జబ్బ. పొద్దు పొడవకముందునుంచీ ఈ మందను తరిమింది ఎవరు, నువ్వా? మీరు మడుగు కాడ కూర్చుని నిద్రపోతుంటే మేమేం చేసేది?"

ఓబన్న కత్తి దించాడు. తోడేలును పరకాయించి చూశాడు. డొక్కలు ఎండి ఉన్నాయి, పాలచన్నులు వేలాడుతున్నాయి.

"పిల్లతల్లివా?" అన్నాడు మెల్లగా.

"అవును."

ఓబన్న జబ్బ కోసి మోదుగాకుల మీద పెట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి ఇంకో ముక్క కోసి పక్కన పెట్టాడు. చూలాలికి రెండు వాటాలైతే, పిల్లతల్లికీ అంతే కదా.

పల్లెలో పుల్లన్న ఎదురొచ్చి జింకను చూసి అదిరిపడ్డాడు. "అల్లుడా, దీన్ని ఎవరైనా చూశారా?"

"తోడేలు చూసింది మామా."

"తోడేలు పోయి సాక్ష్యం చెబుతుందా ఏంటి! మూడో వేటా పడలేదని చెప్పెయ్, పీడ విరగడవుతుంది. నిజం చెబితే ఆ తోడేళ్ళు మన నెత్తినే ఉంటాయి. నా కూతురి కడుపులో బిడ్డను తలుచుకో!"

మర్నాడు రాజధానికి నడుస్తుంటే దారిలో ఎవరూ ఓబన్నతో మాట్లాడలేదు. అందరి చూపూ ఒకటే చెబుతోంది. అబద్ధం ఆడితే విల్లుకు అపచారం, నిజం చెబితే పల్లెకు ద్రోహం.

కోటవాకిట్లో చాటింపు వేసేవాడు గడ్డిమంట పెట్టి డప్పు కాచుకుంటున్నాడు. "ఏం చాటబోతున్నావయ్యా?" అని పుల్లన్న అడిగాడు. "లోపల మీరేం చెబితే దాన్నిబట్టి" అన్నాడు వాడు. పుల్లన్న మీసం దువ్వుకున్నాడు.

కొలువులో ఓబన్న వింటి మీద చెయ్యి వేశాడు.

"మొదటి వేట పడిందా?" అన్నాడు రాజు.

"లేదు మహారాజా."

"రెండో వేట?"

"లేదు మహారాజా."

"మూడో వేట?"

వెనకనుంచి పుల్లన్న దగ్గాడు. ఓబన్న వింటిని గట్టిగా పట్టుకున్నాడు.

"పడింది మహారాజా. నేను బాణం వేశాను, తోడేళ్ళు తరిమి తెచ్చాయి. కట్టుబాటు ప్రకారం వాటి వాటా ఇచ్చాను. మొదటి రెండు వేటల్లో తప్పు వాటిది కాదు, మాది. జింకలు మడుగు వదిలాయి, మేము వదల్లేదు. కొండమీద జింకలున్నాయి, మొక్కలూ లేచాయి." తరువాత వనపాలుడి వైపు తిరిగాడు. "కానీ అయ్యా, ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్ళం. తోడేళ్ళను తెచ్చేముందు మాకొక్క మాట చెప్పి ఉంటే మాకింత ఏడుపు ఉండేదా?"

"కొంప ముంచావు అల్లుడా!" అని పుల్లన్న నెత్తి కొట్టుకున్నాడు.

రాజు గట్టిగా ఊపిరి వదిలాడు. "దండపాణీ, ఆ డప్పువాణ్ణి ఇంటికి పంపించు" అన్నాడు. తరువాత పుల్లన్న వైపు చూశాడు. "వాడు ఏం చాటేవాడో తెలుసా పెద్దాయనా? జింకలు లేవని మీరు చెబితే నమ్మేవాణ్ణి. జింకలు లేని అడవిలో ముందు ఆపవలసింది ఏమిటి? వేట! విల్లు పట్టినవాడెవడూ ఎర్రమలలో అడుగు పెట్టరాదని చాటించేవాణ్ణి. తోడేలుకు గడ్డి తినడం రాదు. మీకు నాగలి పట్టడం నేర్పించవచ్చు."

పుల్లన్న కొలువులోనే చతికిలబడ్డాడు. "అమ్మ నాయనో! ఎంత గండం తప్పింది!" అని ఒక కంట ఏడుస్తూ, ఒక కంట నవ్వుతూ అల్లుడి చేతులు పట్టుకున్నాడు. ఓబన్న గుండె మీది బరువు దిగిపోయింది.

దండపాణి లేచి నిలబడ్డాడు. "మిమ్మల్ని అడక్కపోవడం నా తప్పే. ఇకమీదట ఏటా మీ పల్లెకు వస్తాను. ఎన్ని జింకలు కొట్టాలో, ఎన్ని వదలాలో మీతో కూర్చునే తేల్చుకుందాం" అన్నాడు. రాజు సరేనన్నాడు.

వాకిట్లో డప్పువాడు మంట ఆర్పుతూ, "ఇంత కాచాను, ఒక్క దెబ్బైనా కొట్టనివ్వరా?" అని గొణిగాడు.

"మా పల్లెకు రావయ్యా, కొట్టుదువుగాని! మనవడో మనవరాలో రాబోతోంది" అన్నాడు పుల్లన్న.

మనవరాలే పుట్టింది. పల్లె దద్దరిల్లేటట్టు డప్పు మోగింది. ఆ తరువాతి వేటలో అందరికంటే ముందు కత్తి తీసుకుని, తోడేలు వాటా కోసి మోదుగాకుల మీద పెట్టింది ఎవరనుకున్నారు? పుల్లన్నే!

కథ ఇంతటితో చాలు గాని, మాట ఒకటి మిగిలింది. పక్కవాడి వాటా చెడగొట్టడానికి ఆడిన అబద్ధం ముందు మన వాటానే మింగుతుంది. నిజం చెప్పినవాడి నోటికాడ కూడు ఎవరూ లాగలేరు.